కోరిక, ఇష్టం, సలహా: ఇంగ్లీష్ వీటికి పాస్ట్ టెన్స్ ఎందుకు వాడుతుంది

"ఐ విష్ ఐ న్యూ హర్ నంబర్" అనే వాక్యం చూడండి. ఆమె నంబర్ తెలిస్తే బాగుండు అని దాని అర్థం, మాట్లాడుతున్నది ఇప్పటి గురించి, నంబర్ కావాల్సింది కూడా ఇప్పుడే, అయినా వెర్బ్ మాత్రం పాస్ట్‌లో ఉంది. "ఐడ్ రాదర్ యు స్టేడ్ హియర్" అంటే నువ్వు ఇక్కడే ఉంటే నాకిష్టం అని, అదీ ఇప్పటి సంగతే, మళ్ళీ పాస్టే. "ఇట్స్ టైమ్ వి లెఫ్ట్" అంటే ఇంక బయల్దేరాల్సిన టైమైంది అని, ఎవరూ ఇంకా కదల్లేదు, కానీ లెఫ్ట్ అంటున్నాం. "యు హ్యాడ్ బెటర్ గో" అంటే ఇప్పుడు వెళ్ళమని, మరి అక్కడ హ్యాడ్‌కి ఏం పని? గ్రామర్ పుస్తకాల్లో ఇవన్నీ వేరే వేరే చాప్టర్లలో వేరే వేరే రూల్స్‌గా కనిపిస్తాయి, విష్ తర్వాత ఇది రావాలి, రాదర్ తర్వాత అది రావాలి అని బట్టీ పట్టిస్తారు, పరీక్ష అయిపోగానే అవి ఎగిరిపోతాయి. నిజానికి వీటన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒక్కటే, అది దొరికితే బట్టీ పట్టాల్సింది బాగా తగ్గిపోతుంది.

ఆ ఆలోచన ఏంటంటే, ఇంగ్లీష్‌లో పాస్ట్ ఫామ్ కేవలం గడిచిపోయిన కాలాన్ని చెప్పడానికే లేదు, అది దూరాన్ని చెబుతుంది. కాలంలో దూరం అందులో ఒక రకం మాత్రమే. నిజానికీ మనం చెప్పేదానికీ మధ్య దూరం ఉంటే, అంటే జరగనిదాన్ని ఊహిస్తుంటే, అప్పుడూ అదే ఫామ్. ఎదుటి మనిషికి కాస్త ఎడంగా నిలబడి మర్యాదగా మాట్లాడాలన్నా అదే ఫామ్. "కెన్ యు హెల్ప్ మి" కంటే "కుడ్ యు హెల్ప్ మి" మెత్తగా ఎందుకు వినిపిస్తుంది? కుడ్ అనేది కెన్‌కి పాస్ట్. వుడ్ అనేది విల్‌కి, షుడ్ అనేది షల్‌కి, మైట్ అనేది మేకి పాస్ట్ ఫామ్‌గా పుట్టినవే. ఫోన్ చేసి "ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సంథింగ్" అనేవాడు నిన్న అడగాలనుకుని ఇవాళ మానేసినవాడు కాదు, ఇప్పుడే అడుగుతున్నాడు, కాకపోతే మీద పడకుండా అడుగుతున్నాడు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ గ్రామర్ అనే పెద్ద ఇంగ్లీష్ వ్యాకరణ పుస్తకంలో రాడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పులమ్ అనే భాషా శాస్త్రవేత్తలు ఇలా ఊహలకి పాస్ట్ ఫామ్ వాడటాన్ని మోడల్ రిమోట్‌నెస్ అన్నారు, రిమోట్ అంటే దూరమే కదా.

ఇది తెలుగువాళ్ళకి కొత్తగా నేర్పాల్సిన సంగతేం కాదు, ఎందుకంటే తెలుగు కూడా ఇదే పని చేస్తుంది, మనం గమనించం అంతే. "చిన్నప్పుడు రోజూ లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి" అంటాం, అది గడిచిన కాలం. "ముందే తెలిసుంటే నేనూ వెళ్ళేవాణ్ణి" అంటాం, అది జరగని సంగతి. రెండిట్లోనూ అదే "వెళ్ళేవాణ్ణి". అలాగే "అప్పట్లో అక్కడ చాలా బాగుండేది" అంటే గతం, "నువ్వు వచ్చుంటే బాగుండేది" అంటే తీరని కోరిక. ఇంగ్లీష్‌లో వుడ్ కూడా అచ్చం ఇలాగే రెండు పనులు చేస్తుంది, పాత అలవాటు చెప్పడానికీ వాడతారు, జరగని ఊహకీ వాడతారు. సొంత భాషలో రోజూ అలవోకగా చేసే పనిని ఇంగ్లీష్ క్లాస్‌లో కొత్త రూల్ అని చెప్పి భయపెట్టడం వల్లే సగం తికమక వస్తోంది.

ఇప్పుడు విష్ దగ్గరికి వద్దాం. విష్ అనగానే మూడు రకాల వాక్యాలొస్తాయి, ఈ మూడింట్లో మొదటి రెండూ పైన చెప్పిన దూరంతోనే తేలిపోతాయి. ఇప్పుడు నిజం కానిదాన్ని కోరుకుంటే ఒక అడుగు వెనక్కి, అంటే సింపుల్ పాస్ట్: "ఐ విష్ ఐ హ్యాడ్ మోర్ టైమ్", టైమ్ ఉంటే బాగుండు కానీ లేదు. గడిచిపోయినదాని గురించి బాధపడితే అప్పటికే ఒక అడుగు వెనక ఉన్నాం కాబట్టి ఇంకో అడుగు, అంటే పాస్ట్ పర్ఫెక్ట్: "ఐ విష్ ఐ హ్యాడ్ స్టడీడ్ హార్డర్", బాగా చదివుంటే బాగుండేది, చదవలేదు. తెలుగులో "ఉంటే బాగుండు"కీ "చదివుంటే బాగుండేది"కీ మధ్య ఎంత తేడా ఉందో ఈ రెండింటికీ అంతే తేడా. ఒకటి గుర్తుంచుకుంటే చాలు, విష్ అనే మాటే పాస్ట్‌లోకి వెళ్ళినా దాని వెనకొచ్చే భాగం మారాల్సిన పనిలేదు. "ఐ విష్డ్ ఐ న్యూ ది ఆన్సర్" అంటే ఆ క్షణంలో జవాబు తెలిస్తే బాగుండనిపించింది అని, అప్పటి కోరిక అప్పటి గురించే కాబట్టి న్యూ అలాగే ఉంటుంది.

మూడోది విష్ తర్వాత వుడ్ వచ్చే రకం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "ఐ విష్ హి వుడ్ లిజన్" అంటే వాడు వింటే బాగుండు అని మాత్రమే కాదు, వాడు వినట్లేదు, కావాలంటే వినగలడు, కానీ వినడు, దాంతో నాకు విసుగొస్తోంది అనే భావం మొత్తం అందులో ఉంది. విల్ అనే మాటకి మొదట్నుంచీ ఇష్టం, సంకల్పం అనే అర్థం ఉంది, వుడ్‌లో కూడా అది మిగిలిపోయింది, కాబట్టి ఎదుటివాళ్ళు మొండికేస్తున్నారనో ఒక పని జరగకుండా సతాయిస్తోందనో చెప్పడానికి ఇది బాగా సరిపోతుంది. "ఐ విష్ ఇట్ వుడ్ రెయిన్" అన్నప్పుడు వాన కూడా మొండికేస్తున్నట్టే. దీన్నిబట్టే "ఐ విష్ ఐ వుడ్ బి టాలర్" ఎందుకు కుదరదో తెలుస్తుంది, నా మీద నేనే విసుక్కుని నా సంకల్పాన్ని నేనే బతిమాలుకున్నట్టుంటుంది, పైగా పొడుగ్గా ఉండటం ఒక స్థితి, పని కాదు. అక్కడ "ఐ విష్ ఐ వర్ టాలర్" అనాలి, చేతకానిదైతే "ఐ విష్ ఐ కుడ్ స్విమ్" లాగా కుడ్ పెట్టాలి. "ఐ విష్ ఇట్ వుడ్ బి సండే" కూడా ఇదే కారణంతో తప్పు, ఆదివారానికి ఇష్టాయిష్టాలు ఉండవు, "ఐ విష్ ఇట్ వర్ సండే" అంటే సరిపోతుంది.

వర్ అన్నప్పుడు ఒక పాత గొడవ గురించి చెప్పుకోవాలి. ఐ, హి, షి, ఇట్ పక్కన వాజ్ రావాలి కదా, వర్ ఎందుకొచ్చింది? పాత ఇంగ్లీష్‌లో ఊహలకి వెర్బ్ రూపాలు విడిగా ఉండేవి, వాటిని సబ్‌జంక్టివ్ అంటారు, కాలక్రమంలో మిగతా వెర్బ్‌లన్నిట్లో ఆ పాస్ట్ సబ్‌జంక్టివ్ మామూలు పాస్ట్‌లో కలిసిపోయింది, ఒక్క బి వెర్బ్‌లో మాత్రం వర్‌గా ఇప్పటికీ విడిగా బతికుంది. అందుకే "ఇఫ్ ఐ వర్ యు" అంటాం. మాట్లాడేటప్పుడు "ఐ విష్ ఐ వాజ్ దేర్" అని ఇంగ్లీష్ సొంత భాషగా ఉన్నవాళ్ళు చాలామంది అంటారు, దాన్ని తప్పని కొట్టిపారేయడం న్యాయం కాదు, అది కూడా పాస్ట్ ఫామే, దూరం అనే పని అదీ చేస్తోంది. అయితే రాతలో, పరీక్షలో, కాస్త ఫార్మల్‌గా ఉండాల్సిన చోట వర్ రాస్తే ఎవరికీ వేలెత్తి చూపే అవకాశం ఉండదు. "ఇఫ్ ఐ వర్ యు" అనే సలహా మాట మాత్రం బాగా స్థిరపడిపోయింది కాబట్టి అక్కడ వర్ వాడటమే మేలు. ఇఫ్ ఓన్లీ అనేది కూడా విష్ లాంటిదే, అవే టెన్స్‌లు, కాకపోతే బాధ ఇంకాస్త ఎక్కువ, "ఇఫ్ ఓన్లీ హి హ్యాడ్ కాల్డ్" అంటే ఒక్క ఫోన్ చేసుంటే ఎంత బాగుండేదో అనే నిట్టూర్పు.

విష్‌కీ హోప్‌కీ తేడా తెలియక వచ్చే పొరపాటు అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తుంది, "ఐ విష్ యు విల్ గెట్ ద జాబ్" అని మెసేజ్‌లలో రాసేస్తుంటారు. విష్ తర్వాత పూర్తి వాక్యం వస్తే అది జరగనిదో, జరిగే ఆశ తక్కువున్నదో అని అర్థం, అంటే ఉద్యోగం వస్తే బాగుండు, రాదేమో పాపం అన్నట్టు ధ్వనించే చోటికి విల్ తెచ్చి పెట్టడం, రెండూ పొసగవు. జరగొచ్చు అనుకునేదానికి హోప్, దాంతో మామూలు ప్రెజెంట్ చాలు: "ఐ హోప్ యు గెట్ ద జాబ్". మరి "ఐ విష్ యు ఆల్ ద బెస్ట్" అంటారు కదా అని అడగొచ్చు, అది వేరు, అక్కడ విష్ తర్వాత మనిషి, ఆ తర్వాత ఒక నౌన్ వచ్చాయి, వాక్యం రాలేదు, అది శుభాకాంక్ష. "ఐ విష్ టు స్పీక్ టు ద మేనేజర్" అంటే అది వాంట్‌కి ఫార్మల్ రూపం మాత్రమే, అందులో తీరని కోరికేం లేదు. ఇవి కాకుండా పాతకాలం నుంచి వస్తున్న దీవెనలు కొన్నున్నాయి, "మే యు లివ్ లాంగ్", "గాడ్ సేవ్ ద కింగ్" లాంటివి. ఆ సేవ్‌కి ఎస్ ఎందుకు లేదంటే అది కూడా సబ్‌జంక్టివే, దేవుడు కాపాడతాడు అని చెప్పట్లేదు, కాపాడాలి అని కోరుతున్నాం. ఈ ఎస్ లేని రూపం సలహాల దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఇష్టాల విషయానికొస్తే అక్కడ ముఖ్యమైనవి ప్రిఫర్, వుడ్ రాదర్. ప్రిఫర్‌తో వచ్చే ఇబ్బంది ఒక్కటే, తెలుగులో "బస్సు కంటే ట్రెయిన్ ఇష్టం" అంటాం కాబట్టి కంటే ఉన్నచోటల్లా దాన్ వేసేస్తాం, "ఐ ప్రిఫర్ ట్రెయిన్స్ దాన్ బసెస్" అని. ప్రిఫర్ లాటిన్ నుంచి వచ్చిన మాట, ఒకదాన్ని ఇంకోదాని ముందు పెట్టడం అని దాని అసలు అర్థం, దీనికి టు వస్తుంది: "ఐ ప్రిఫర్ ట్రెయిన్స్ టు బసెస్". సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ కూడా లాటిన్ నుంచి వచ్చినవే, వాటికీ టునే. రెండు పనుల్ని పోల్చాలంటే "ఐ ప్రిఫర్ వాకింగ్ టు డ్రైవింగ్" అనొచ్చు, లేదా "ఐడ్ ప్రిఫర్ టు వాక్ రాదర్ దాన్ డ్రైవ్" అనొచ్చు. మామూలుగా ఉండే ఇష్టానికి ప్రిఫర్, ఈ ఒక్కసారికి ఏది కావాలో చెప్పడానికి వుడ్ ప్రిఫర్, ఈ తేడా పాటిస్తే వినేవాళ్ళకి స్పష్టంగా ఉంటుంది.

వుడ్ రాదర్ ఇంకా ఆసక్తికరమైంది. రాదర్ అంటే మొదట్లో ముందుగా, త్వరగా అనే అర్థం ఉండేది, పాత ఇంగ్లీష్‌లో త్వరగా అనే మాటకి ఇది కంపేరటివ్, అంటే ఇంకా త్వరగా అని పోల్చి చెప్పే రూపం. సూనర్ కూడా ఇలాంటిదే, ఇప్పటికీ "ఐడ్ సూనర్ వాక్" అంటే నడవడమే నాకిష్టం అనే అర్థం. ముందు ఏది చేస్తానో అదే నాకు ఎక్కువ ఇష్టం అనే దారిలో ఆ అర్థం వచ్చింది. దీని వాడుకలో రెండు దారులున్నాయి, ఎవరి ఇష్టమో పని చేసేదీ వాళ్ళే అయితే మామూలు వెర్బ్, టు కూడా అక్కర్లేదు: "ఐడ్ రాదర్ స్టే హోమ్". ఇష్టం నాది, చేయాల్సింది ఇంకొకరైతే వెర్బ్ పాస్ట్‌లోకి వెళ్ళిపోతుంది: "ఐడ్ రాదర్ యు స్టేడ్ హోమ్". ఎందుకంటే నా పని నా చేతిలో ఉంది, మీరు చేసే పని నా చేతిలో లేదు, అది ఊహ, కాబట్టి దూరం. మళ్ళీ అదే సూత్రం. గడిచిపోయినదైతే "ఐడ్ రాదర్ యు హ్యాడ్ టోల్డ్ మి", నాకు చెప్పుంటే బాగుండేది.

మర్యాదగా వద్దని చెప్పడానికి ఇంగ్లీష్‌లో ఉన్న మంచి మాటల్లో "ఐడ్ రాదర్ యు డిడంట్" ఒకటి. ఎవరైనా "డు యు మైండ్ ఇఫ్ ఐ ఓపెన్ ద విండో" అని అడిగితే నో అంటే అభ్యంతరం లేదనే అర్థం వస్తుంది, ఎస్ అంటే దురుసుగా ఉంటుంది, ఆ ఇరకాటంలోంచి ఈ వాక్యం బయటపడేస్తుంది. తెరవద్దు అని ఆజ్ఞాపించకుండా, తెరవకపోతే నాకు బాగుంటుంది అని ఊహలోంచి చెప్పడం. ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళు దీన్ని ఖాయమైన నో కిందే తీసుకుంటారు, మెత్తగా ఉంది కదా అని మళ్ళీ అడిగితే బాగోదు. "ఐడ్ రాదర్ నాట్" కూడా అంతే, నాట్ ఎప్పుడూ రాదర్ తర్వాతే వస్తుంది, "ఐ వుడంట్ రాదర్" అనరు. "ఇట్స్ టైమ్" కూడా ఈ కుటుంబంలోదే. బయల్దేరే టైమైంది కానీ ఇంకా బయల్దేరలేదు, జరగాల్సినదానికీ జరుగుతున్నదానికీ మధ్య ఉన్న ఎడమే అక్కడ పాస్ట్‌గా కనిపిస్తుంది, "ఇట్స్ హై టైమ్" అంటే ఇప్పటికే ఆలస్యమైంది అనే విసుగు కూడా చేరుతుంది.

ఇక సలహాలు. వీటిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది హ్యాడ్ బెటర్, ఎందుకంటే దీన్ని మనకి నేర్పేటప్పుడు "మంచిది" అనే అర్థం చెప్పి వదిలేస్తారు. వెళ్ళడం మంచిది అంటే "యు హ్యాడ్ బెటర్ గో" అని. తెలుగులో "రేపటిలోగా పంపితే మంచిదండీ" అనేది చాలా వినయమైన మాట, పెద్దవాళ్ళతో కూడా అనొచ్చు. దాన్నే ఆఫీస్ మెయిల్‌లో "యు హ్యాడ్ బెటర్ సెండ్ ఇట్ బై టుమారో" అని రాస్తే, అవతలివాళ్ళకి అది పంపకపోతే నీ సంగతి చెప్తా అన్నట్టు వినిపిస్తుంది. హ్యాడ్ బెటర్‌లో పైకి చెప్పని ఒక "లేకపోతే" దాగి ఉంటుంది, అలా చేయకపోతే ఏదో చెడు జరుగుతుంది అనే హెచ్చరిక. వాన మబ్బులు చూసి "వి హ్యాడ్ బెటర్ టేక్ యాన్ అంబ్రెల్లా" అంటే లేకపోతే తడుస్తాం అని, అది బాగానే ఉంటుంది, తన గురించి తను అనుకున్నా బాగుంటుంది, "ఐడ్ బెటర్ గో, ఇట్స్ లేట్". దగ్గరి స్నేహితుడితో అన్నా పర్లేదు. కానీ పై అధికారితోనో కస్టమర్‌తోనో పరిచయం లేని మనిషితోనో యు అని మొదలుపెట్టి హ్యాడ్ బెటర్ అన్నారంటే అది బెదిరింపు కిందే లెక్క. పంపినవాళ్ళ మనసులో మర్యాదే ఉంటుంది, చదివినవాళ్ళకి అహంకారం కనిపిస్తుంది, గ్రామర్ తప్పు లేదు కాబట్టి ఎవరూ దిద్దరు కూడా. ఇలాంటి తప్పు ఎస్ పెట్టకపోవడం లాంటి తప్పుల కంటే చాలా హాని చేస్తుంది, దీనికి క్లాసుల్లో ఇంకా ఎక్కువ టైమ్ ఇవ్వాలి.

హ్యాడ్ బెటర్‌కి ఇంకొన్ని హద్దులున్నాయి. ఇది ఇప్పుడో కాసేపట్లోనో చేయాల్సిన ఒక్క పనికి మాత్రమే, ఎప్పటికీ పనికొచ్చే సాధారణ సలహాకి కాదు. "పీపుల్ షుడ్ ఎక్సర్‌సైజ్ మోర్" అనాలి గానీ "పీపుల్ హ్యాడ్ బెటర్ ఎక్సర్‌సైజ్" అనకూడదు. దీని తర్వాత టు రాదు, నాట్ వచ్చేది బెటర్ తర్వాతే: "యు హ్యాడ్ బెటర్ నాట్ టచ్ ఇట్". హ్యాడ్ ఉన్నా గతానికి వాడరు, నిన్న వెళ్ళాల్సింది అని చెప్పాలంటే "యు షుడ్ హావ్ గాన్" అనాలి. "హి హ్యాడ్ బెటర్ హావ్ ఫినిష్డ్ ఇట్" అనే వాక్యం వినబడుతుంది గానీ అది గతానికి సలహా కాదు, ఈపాటికి పూర్తి చేసుండాలి, చేయకపోతే మర్యాదగా ఉండదు అనే కోపం. వేగంగా మాట్లాడేటప్పుడు హ్యాడ్ కాస్తా డ్ అయిపోయి అది కూడా మాయమైపోతుంది, "యు బెటర్ గో" అని వినబడుతుంది, మాటల్లో మామూలే, రాతలో హ్యాడ్ ఉంచడం మేలు.

మరి ఆ హ్యాడ్ ఎక్కడిది అనేదానికి చరిత్రలో జవాబుంది. పాత ఇంగ్లీష్‌లో "అతనికి మంచిదయ్యేది" అన్నట్టుగా ఉండేది ఈ వాక్యం, బి వెర్బ్ సబ్‌జంక్టివ్ రూపంలో ఉండేది, మనిషి "కి" విభక్తితో వచ్చేవాడు, అచ్చం తెలుగులాగే. తర్వాత ఇంగ్లీష్‌లో విభక్తులు అరిగిపోయాక ఆ మనిషే వాక్యానికి కర్త అయిపోయాడు, "ఐ వర్ బెటర్" లాంటి రూపాలు కొన్నాళ్ళు నడిచాయి, క్రమంగా వర్ స్థానంలోకి హ్యాడ్ వచ్చి స్థిరపడింది. హ్యాడ్ రాదర్ కూడా ఇలాగే నడిచింది, 1611 నాటి ఇంగ్లీష్ బైబిల్ అనువాదంలో అది కనిపిస్తుంది. అయినా 1755లో శామ్యూల్ జాన్సన్ తన డిక్షనరీలో హ్యాడ్ రాదర్‌ని ఈమధ్యే భాషలో దూరిన మోటు ప్రయోగం అని తిట్టాడు, విల్ రాదర్ అనమన్నాడు. చివరికి రాదర్ పక్కన వుడ్ గెలిచింది, బెటర్ పక్కన హ్యాడ్ నిలబడింది. ఐడ్ అనే పొట్టి రూపంలో రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి డ్ అంటే వుడ్డా హ్యాడ్డా అనే సందేహం వస్తే వెనకున్న మాట చూడాలి, రాదర్ ఉంటే వుడ్, బెటర్ ఉంటే హ్యాడ్.

రోజువారీ సలహాకి నమ్మదగిన మాట షుడ్. ఆట్ టు కూడా దాదాపు అంతే, ఓ అనే వెర్బ్‌కి, అంటే బాకీ ఉండటం అనే మాటకి పాత పాస్ట్ రూపం అది, అందుకేనేమో అందులో ధర్మం, బాధ్యత అనే వాసన కాస్త ఎక్కువ, వాడకం మాత్రం షుడ్ కంటే బాగా తక్కువ. ఇక్కడ తెలుగువాళ్ళకి వచ్చే చిక్కు "ఆలి" అనే ప్రత్యయం. నువ్వు వెళ్ళాలి అంటే మస్ట్, హావ్ టు, నీడ్ టు, షుడ్ అన్నీ అందులోనే ఉన్నాయి, గొంతునిబట్టి అర్థం చేసుకుంటాం. ఇంగ్లీష్‌లో వాటిని విడదీసి వాడాలి, మస్ట్ అంటే తప్పదు, షుడ్ అంటే చేస్తే మంచిది, చేయకపోయినా నీ ఇష్టం. అయితే మస్ట్ ఎప్పుడూ కటువుగానే ఉంటుందని కాదు, "యు మస్ట్ సీ దిస్ ప్లేస్" అంటే తప్పకుండా చూసి తీరాలి అనే ఉత్సాహం, అక్కడ ఎవరికీ బాధ కలగదు, సలహా తీసుకునేవాళ్ళకి లాభం ఉన్నచోట గట్టి మాట కూడా తియ్యగానే ఉంటుంది. షుడ్ కూడా నేరుగా యు అని చెబితే కొన్నిసార్లు ఉపన్యాసంలా ఉంటుంది, అందుకే దానికి ముందు ఐ థింక్ చేరుస్తారు, లేదా "యు మైట్ వాంట్ టు చెక్ దిస్" అంటారు. ఈ చివరిది పైకి నీకు కావాలేమో అన్నట్టుంటుంది గానీ ఆఫీసుల్లో దాని అసలు అర్థం దయచేసి ఇది చూడు, ఇందులో తప్పుంది అని. అది పట్టుకోలేక నాకేం వద్దులే అని వదిలేసేవాళ్ళు ఇబ్బంది పడతారు.

గడిచినదానికి షుడ్ హావ్. తెలుగులో "ముందే చెప్పాల్సింది" అన్నదానికి సరిగ్గా ఇదే, "యు షుడ్ హావ్ టోల్డ్ మి". ఎదుటివాళ్ళ మీద అంటే నింద, తన మీద తను అనుకుంటే పశ్చాత్తాపం. షుడ్ హావ్‌ని పలికేటప్పుడు షుడవ్ అన్నట్టు వినిపిస్తుంది, దాంతో ఇంగ్లీష్ సొంత భాష అయినవాళ్ళు కూడా కొందరు హావ్ బదులు ఓ, ఎఫ్ అక్షరాలు రాసేస్తారు, అది చూసి నేర్చుకోవద్దు.

చివరగా సలహా ఇచ్చే వెర్బ్‌లు, సజెస్ట్, రికమెండ్, అడ్వైజ్. "ప్లీజ్ సజెస్ట్ మి టు బై ఎ గుడ్ ల్యాప్‌టాప్" లాంటి వాక్యాలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అడ్వైజ్‌కి మనిషిని పెట్టి టు పెట్టొచ్చు, "షి అడ్వైజ్డ్ మి టు వెయిట్". సజెస్ట్‌కి అలా కుదరదు, దానికి సలహా నేరుగా రావాలి: "షి సజెస్టెడ్ వెయిటింగ్", లేదా "షి సజెస్టెడ్ దట్ ఐ వెయిట్". మనిషిని చెప్పాలంటే టు తర్వాత చెప్పాలి, "కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ ల్యాప్‌టాప్ టు మి", మామూలుగా ఆ టు మి కూడా అక్కర్లేదు, అడిగేది ఎవరో తెలుస్తూనే ఉంది కదా. అడ్వైజ్ గురించి ఇంకో రెండు మాటలు, వెర్బ్ అయితే చివర జ్ అనే శబ్దం, నౌన్ అయితే అడ్వైస్ అని స శబ్దం, స్పెల్లింగ్ కూడా మారుతుంది, నౌన్‌కి బహువచనం లేదు, మనం సలహాలు అంటాం కాబట్టి అడ్వైసెస్ అనాలనిపిస్తుంది, కానీ "సమ్ అడ్వైస్" అనో "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అనో అనాలి.

సజెస్ట్, రికమెండ్, ఇన్‌సిస్ట్, డిమాండ్ లాంటి వెర్బ్‌ల తర్వాత దట్ పెట్టి చెప్పేటప్పుడు, పైన "గాడ్ సేవ్" దగ్గర చూసిన ఎస్ లేని రూపం మళ్ళీ వస్తుంది. "ద డాక్టర్ రికమెండ్స్ దట్ హి టేక్ రెస్ట్", టేక్స్ కాదు. సజెస్టెడ్ అని పాస్ట్‌లో చెప్పినా టుక్ కాదు, టేక్ అనే ఉంటుంది. అమెరికాలో ఇది బాగా వాడతారు, బ్రిటన్‌లో "దట్ హి షుడ్ టేక్ రెస్ట్" అని షుడ్ చేర్చడం కూడా మామూలే, రెండూ సరైనవే. ఇక్కడ పాస్ట్ ఫామ్ లేదేంటి అనే ప్రశ్న రావాలి, వస్తే మంచిదే. విష్, రాదర్ దగ్గర ఉన్నది జరగనిది, చేతిలో లేనిది, అందుకే దూరం చూపించే ఫామ్. సలహా, ఆజ్ఞ దగ్గర ఉన్నది ఇంకా జరగాల్సింది, అది నిజానికి దూరంగా లేదు, ఇంకా నిజం కాలేదంతే, కాబట్టి ఏ టెన్సూ తగిలించని ఉత్త వెర్బ్ చాలు. ఈ తేడా ఎంత పని చేస్తుందో ఇన్‌సిస్ట్‌తో చూడొచ్చు. "షి ఇన్‌సిస్టెడ్ దట్ హి వాజ్ ప్రెజెంట్" అంటే అతను అక్కడ ఉన్నాడు, ఇది నిజం అని ఆమె గట్టిగా వాదించింది. "షి ఇన్‌సిస్టెడ్ దట్ హి బి ప్రెజెంట్" అంటే అతను అక్కడ ఉండి తీరాలని ఆమె పట్టుబట్టింది. మిగతా మాటలన్నీ అవే, వాజ్ ఉన్నచోట బి వచ్చింది, మొదటిదాంట్లో ఆమె సాక్ష్యం చెబుతోంది, రెండోదాంట్లో షరతు పెడుతోంది.